బాత్రూం కిటికీ గట్టు: షవర్ నీళ్లు ఎక్కడ దిగుతున్నాయి, ఎలా ఆపాలి

కిటికీ గట్టు దగ్గర చెమ్మ కనబడగానే సిలికాన్ ట్యూబు తెచ్చి చుట్టూ పూసేయడం మన ఇళ్లలో మామూలే. గట్టు మీద నీళ్లు నిలుస్తున్నంతకాలం ఏ సీలెంటూ ఎక్కువ రోజులు పట్టుకోదు. ముందు వాటం (నీళ్లు జారిపోయే వాలు), తర్వాతే సీలెంటు.

సమస్య: స్నానం అయి గంట గడిచినా గట్టు మీద నీళ్లు

కారణం: రాయి మట్టంగా ఉంది, లేదా కిటికీ ఫ్రేమ్ వైపు వాలింది. రసమట్టం (వాలు చూపే పరికరం) లేకపోతే మగ్గుతో నీళ్లు పోయండి, ఎటు పారతాయో తెలిసిపోతుంది.

పరిష్కారం: నీళ్లు బాత్రూంలోకే జారాలి. 20 సెం.మీ. వెడల్పు గట్టుకు 1 సెం.మీ. వాటం చాలు. రాయి ఊడదీసి, కింది పాత మాలు చెక్కించి, రెండు భాగాలుగా కలిపే పాలిమర్ సిమెంట్ వాటర్‌ప్రూఫింగ్ రెండు కోట్లు వేయించండి. మొదటిది అడ్డంగా వేస్తే రెండోది నిలువుగా. పక్క గోడల మీదికి కనీసం 10 సెం.మీ. ఎక్కాలి. చాలా చోట్ల ఈ మూలల్నే వదిలేస్తారు, నీళ్లు దిగేదీ అక్కడే.

పైన వేసే గ్రానైట్ ఒకే ముక్కగా ఉండాలి. మిగిలిపోయిన టైల్ ముక్కలు అతికిస్తే ప్రతి సందూ నీళ్లకు దారే. రాయి గోడ దాటి 2 సెం.మీ. ముందుకు రావాలి. ఆ అంచు అడుగున సన్నగా గాడి కొట్టిస్తే నీళ్లు గోడ పట్టుకుని వెనక్కి పాకకుండా చుక్కలుగా కింద పడతాయి.

పాత రాయి గట్టిగా ఉంటే దాని మీదే టైల్ అడెసివ్‌తో కొత్త పలకను వాటంగా వేయొచ్చు. కానీ తట్టి చూస్తే గుల్ల పలికిన రాయి మీద ఆ పని వద్దు.

సమస్య: సందుల్లో సిలికాన్ నల్లబడటం, అంచులు లేవడం

కారణం: తడి మీదో, పాత సిలికాన్ మీదో పూయడం. పాత సిలికాన్‌కు కొత్తది అంటుకోదు. లోపలికి పాకిన నల్ల బూజు బ్లీచింగ్‌తో పూర్తిగా పోదు.

పరిష్కారం: బ్లేడుతో మొత్తం గీకేసి, స్పిరిట్‌తో తుడిచి, ఒక రోజంతా ఫ్యాన్ గాలికి ఆరనివ్వండి. సందుకు రెండు వైపులా మాస్కింగ్ టేపు వేసి, ఫంగస్ నిరోధక న్యూట్రల్ క్యూర్ (వెనిగర్ వాసన రాని) సిలికాన్ పూయండి. వెనిగర్ వాసన వచ్చే రకం మార్బుల్‌కూ, కడప, తాండూరు రాళ్లకూ పనికిరాదు. సబ్బు నీళ్లలో ముంచిన వేలితో ఒక్కసారే లాగి, పైపొర గట్టిపడకముందే టేపు తీసేయండి. 24 గంటలు షవర్ బంద్. 280 మి.లీ. ట్యూబు 6 మి.మీ. వెడల్పు, అంతే లోతున్న సందుకు 7 మీటర్ల పైగా వస్తుంది. చిన్న కిటికీకి ఒకటే ఎక్కువ.

సమస్య: స్లైడింగ్ కిటికీ ట్రాక్‌లో నీళ్లు నిండి లోపలికి పొంగడం

కారణం: ఫ్రేమ్ బయటి వైపు అడుగున ఉండే నీటి రంధ్రాలు సబ్బు జిడ్డుతో, దుమ్ముతో మూసుకుపోయాయి. సన్నటి తీగతో పొడిచి, నీళ్లు పోసి చూడండి. ‘లీకేజీ’ అనుకుని ఆ రంధ్రాలకే సిలికాన్ కొట్టేసేవాళ్లూ ఉన్నారు. అలా మూసి ఉంటే వెంటనే తెరవాలి.

సమస్య: గోడ అవతలి వైపు పెయింట్ ఉబ్బి, చౌడు పూసి, పెచ్చులు ఊడటం

షవర్ నీళ్లా, వాన నీళ్లా తేల్చుకోకుండా ఖర్చు పెట్టకండి. వానలు లేని రోజుల్లో కిటికీని, గట్టును కలిపి లోపలి నుంచి ప్లాస్టిక్ షీటుతో కప్పి, అంచులకు టేపు వేసి, రెండు వారాలు మామూలుగానే స్నానాలు చేయండి. మచ్చ ఆరుతుంటే తప్పు గట్టుదే. వాన పడినప్పుడే పెరుగుతుంటే సన్‌షేడ్, ఫ్రేమ్ బయటి సందు చూడాలి. లీకు ఆగి గోడ పూర్తిగా ఆరాకే దెబ్బతిన్న ప్లాస్టర్ చెక్కి కొత్తది వేయించండి. తడి గోడ మీద పుట్టీ పెడితే మళ్లీ ఊడుతుంది.

సమస్య: చెక్క ఫ్రేమ్ అడుగు మెత్తబడటం

స్క్రూడ్రైవర్ మొనతో గుచ్చండి. పైపొరే మెత్తగా ఉంటే చెక్కి, ఆరబెట్టి, ఎపాక్సీ ఫిల్లర్ నింపి, ప్రైమర్, ఎనామిల్ రెండు కోట్లు వేయండి. మొన లోతుకు దిగితే అడుగు చెక్క మార్చాల్సిందే. తడి చెక్కకు చెదలు కూడా తోడవుతాయి.

రోజూ చేయాల్సింది

షవర్ తలను కిటికీ వైపు నుంచి పక్కకు తిప్పండి, లేదా కిటికీకి పీవీసీ కర్టెన్ కట్టండి. స్నానం అయ్యాక చిన్న వైపర్‌తో గట్టు లాగేయండి. బోరు నీళ్ల తెల్లమచ్చలు గ్రానైట్ మీద నీళ్లు కలిపిన వెనిగర్‌తో పోతాయి. బాత్రూం యాసిడ్ మాత్రం వాడొద్దు. అది టైల్స్ సందుల్లో నింపే సిమెంట్ గ్రౌట్‌నూ, అల్యూమినియం ఫ్రేమ్‌నూ తినేస్తుంది.