కారు ఇంజిన్ వేడెక్కుతుంటే: రేడియేటర్, కూలెంట్ సమస్యలు – పరిష్కారాలు

మే నెలలో రామగుండం, మంచిర్యాల వైపు పగటి ఉష్ణోగ్రత 45 డిగ్రీలకు చేరే రోజుల్లో కారు ఇంజిన్ వేడెక్కితే నేరమంతా ఎండ మీదికే పోతుంది. నిజానికి సక్రమంగా ఉన్న రేడియేటర్ ఆ ఎండను తట్టుకోగలదు. మన దగ్గర రేడియేటర్లు అర్ధాయుష్షుతో పోవడానికి తరచుగా కారణమయ్యేది వాటిలో మనం పోసే నీళ్లే. అందుకే మెకానిక్ దగ్గరికి వెళ్లే ముందు రెండు విషయాలు గమనించి పెట్టుకోవాలి. టెంపరేచర్ ముల్లు ఏ పరిస్థితిలో పైకి లేస్తోంది? రిజర్వాయర్ డబ్బాలోని ద్రవం, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్, ఏ రంగులో ఉంది?

ముల్లు ఎర్ర గీతకు చేరితే బండిని పక్కకు తీసి, ఇంజిన్ ఆపి, పూర్తిగా చల్లబడే వరకు ఆగాలి. వేడి మీద రేడియేటర్ మూత తీయకూడదు. లోపలి ద్రవం 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉండేది మూత నిలిపి ఉంచే ఒత్తిడి వల్లనే కాబట్టి, మూత వదులైన క్షణంలో అది ఆవిరై ముఖం మీదికి చిమ్ముతుంది. కాగిన ఇంజిన్‌లో చల్లని నీళ్లు పోసినా ప్రమాదమే, సిలిండర్ హెడ్ పగిలే అవకాశం ఉంది.

రద్దీలో వేడెక్కి, వేగం అందుకోగానే చల్లబడితే

హన్మకొండ చౌరస్తా సిగ్నళ్ల దగ్గరో, మేడారం జాతరకు తాడ్వాయి దారిలో వాహనాలు నత్తనడకన కదులుతున్నప్పుడో ముల్లు లేచి, ఖాళీ రోడ్డు మీద మళ్లీ దిగితే ఫ్యాన్‌ను అనుమానించాలి. వేగంగా వెళ్లేటప్పుడు ఎదురుగాలి చేసే పనిని, బండి ఆగినప్పుడు ఫ్యాన్ చేయాలి. ఇంజిన్ నడుస్తుండగా ఏసీ వేసి చూస్తే చాలా కార్లలో ఫ్యాన్ వెంటనే తిరగాలి. తిరగకపోతే ఫ్యూజు, రిలే, వైరు కనెక్టర్, మోటారు ఈ వరుసలో చూడటం మేలు, ఎందుకంటే తక్కువ ఖర్చుతో పోయేవి ముందున్నాయి. ఏసీతో తిరిగి, ఇంజిన్ వేడికి మాత్రం తిరగకపోతే టెంపరేచర్ సెన్సార్‌ను పరీక్షించాలి.

వేగంలో, ఎత్తు ఎక్కేటప్పుడు వేడెక్కితే

ఇది మరింత లోతైన సమస్య. గాలి అందుతున్నా వేడి బయటకు పోవడం లేదంటే రేడియేటర్ బయటో, లోపలో పూడుకుపోయి ఉండవచ్చు.

ముందు బయటి భాగం చూడాలి. ఏసీ కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య ఉన్న సందులోకి టార్చి వేసి చూస్తే, పత్తి సీజనులో వరంగల్ ఏనుమాముల మార్కెట్ చుట్టుపక్కల తిరిగే బండ్లలో దూది పీచు, దుమ్ము, పురుగులు కలిసి పాత దుప్పటిలా ఫిన్నుల (వేడిని గాలికి వదిలే రేకుల) మీద అతుక్కుని కనిపిస్తాయి. కరీంనగర్ గ్రానైట్ దుమ్ము, గోదావరిఖని బొగ్గు ధూళి కూడా ఇలాగే పేరుకుంటాయి. ఇంజిన్ వైపు నుంచి బయటికి, తక్కువ ఒత్తిడితో నీళ్లు కొట్టి కడగాలి. వాటర్ సర్వీసింగ్ గన్‌ను దగ్గర పెట్టి కొడితే పలుచని అల్యూమినియం ఫిన్నులు వంగిపోయి గాలిదారి శాశ్వతంగా మూసుకుపోతుంది.

బయట శుభ్రంగా ఉండి లోపలి ద్రవం ఇటుక రంగులోనో, బురదలాగానో ఉంటే అసలు దోషం దొరికినట్టే. బోరు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు వేడికి విడిపోయి, ఇంట్లో గీజరు రాడ్డు మీద కట్టినట్టే సన్నని గొట్టాల లోపల తెల్లని పొరగా గట్టిపడతాయి. ఆ పొర వేడిని బయటికి పోనివ్వదు. దానికి తోడు, కూలెంట్ తగ్గినప్పుడల్లా నీళ్లే పోస్తూ పోతే అందులోని తుప్పు నిరోధకాలు పలచబడి, ఇనుప బ్లాక్ తుప్పు పట్టడం, అల్యూమినియం గొట్టాలు లోపలి నుంచి తినేయబడటం మొదలవుతాయి.

పరిష్కారం ఫ్లషింగ్. చల్లని ఇంజిన్ మీద అడుగున ఉన్న డ్రెయిన్ తెరిచి పాత ద్రవం తీసేసి, నీళ్లు నింపి, హీటర్‌ను పూర్తి వేడి మీద ఉంచి, పై హోసు పైపు వేడెక్కే వరకు ఇంజిన్ నడిపి, చల్లబడ్డాక మళ్లీ తీయాలి. బయటికి వచ్చే నీళ్లు తేటపడే వరకు ఇలాగే చేసి, చివరి విడత తప్పనిసరిగా డిస్టిల్డ్ వాటర్‌తో కడగాలి. ఇన్వర్టర్ బ్యాటరీకి పోసే నీళ్లే ఇవి, ప్రతి బ్యాటరీ దుకాణంలో దొరుకుతాయి. పొర బాగా గట్టిపడి ఉంటే ఫ్లషింగ్ చాలదు, రేడియేటర్ మార్చక తప్పదు.

ఏ కూలెంట్ పోయాలి?

మంచు కురవని ఊళ్లో కూలెంట్ ఎందుకని చాలామంది అడుగుతారు. గడ్డకట్టకుండా ఆపడం దాని పనుల్లో ఒకటి మాత్రమే. ఇథిలీన్ గ్లైకాల్, నీళ్లు సగం సగం కలిస్తే మరిగే స్థానం 107 డిగ్రీల దగ్గరికి, సుమారు 1 బార్ ఒత్తిడి నిలిపే మూత కింద 128 డిగ్రీల దాకా పెరుగుతుంది. అదే మూత కింద ఉత్త నీళ్లు 120 డిగ్రీలకే మరుగుతాయి. అంతకంటే ముఖ్యమైనవి అందులోని తుప్పు నిరోధకాలు. అలాగని చిక్కని కూలెంట్‌ను నీళ్లు కలపకుండా పోయడమూ తప్పే, ఎందుకంటే వేడిని మోయడంలో గ్లైకాల్ నీళ్లకంటే బలహీనం.

ఆకుపచ్చ, ఎరుపు, నీలం రంగులను బట్టి ఎంచుకోకూడదు. రంగు కంపెనీ ఇష్టం, దానికి ప్రామాణికత లేదు. కారు మాన్యువల్‌లో రాసిన ప్రమాణం డబ్బా మీద ఉందో లేదో చూడాలి. సిలికేట్ల మీద ఆధారపడే పాత రకం సుమారు రెండేళ్లు, సేంద్రియ ఆమ్లాల రకం ఐదేళ్ల వరకు పనిచేస్తాయి. రెండూ కలిస్తే దీర్ఘాయుష్షు రకం ఆయుష్షు పడిపోతుంది. జపాన్, కొరియా కార్లకు సిఫారసు చేసే చాలా కూలెంట్లలో ఫాస్ఫేట్లు ఉంటాయి. అవి బోరు నీళ్లలోని కాల్షియంతో కలిసి గసిలా పేరుకుంటాయి. మన నీళ్ల కాఠిన్యాన్ని బట్టి నా సలహా ఒకటే: ముందే నీళ్లు కలిపి అమ్మే రెడీమిక్స్ కొనండి. ఫ్లష్ చేసిన వెంటనే మాత్రం బ్లాక్‌లో నీళ్లు మిగిలి ఉంటాయి కనుక, వ్యవస్థ సామర్థ్యంలో సగం చిక్కని కూలెంట్ ముందు పోసి, మిగతాది డిస్టిల్డ్ వాటర్‌తో నింపాలి.

కారడం కనిపించకుండా మట్టం తగ్గుతుంటే

రేడియేటర్‌లో అల్యూమినియం కోర్‌కు ప్లాస్టిక్ ట్యాంకు బిగించిన అంచును పరిశీలించండి. అక్కడ తెల్లగానో, ఆకుపచ్చగానో ఎండిన చార ఉంటే వేడి మీద సన్నగా కారి ఆవిరవుతోందన్న మాట. ఏళ్లు గడిచి పెళుసెక్కిన ప్లాస్టిక్‌కు ఎమ్‌సీల్ అతుకు నిలవదు, ట్యాంకో రేడియేటరో మార్చాలి. ముందు సీటు కాళ్ల దగ్గర తడి, అద్దాల మీద తీపి వాసన ఉన్న పొగమంచు కనిపిస్తే హీటర్ కోర్ (కారు లోపలికి వేడినిచ్చే చిన్న రేడియేటర్) కారుతోంది. వాటర్ పంపు కింది రంధ్రం దగ్గర చెమ్మ ఉంటే పంపు సీలు పోయింది. రబ్బరు గట్టిపడిన మూత కూడా ఒత్తిడి నిలపలేక ద్రవాన్ని వదిలేస్తుంది. దాని ఖరీదు తక్కువ కాబట్టి అనుమానం ఉంటే ముందు మూతే మార్చండి, అయితే దాని మీద రాసిన ఒత్తిడి అంకె పాతదానితో సరిపోవాలి.

ఇవేవీ కాకుండా సైలెన్సర్ నుంచి తెల్లని పొగ ఆగకుండా వస్తున్నా, రిజర్వాయర్‌లో ఎడతెగని బుడగలు లేస్తున్నా, ఆయిల్ డిప్‌స్టిక్ మీద మీగడ రంగు నురగ కనిపించినా హెడ్ గాస్కెట్ (సిలిండర్ హెడ్‌కూ బ్లాక్‌కూ మధ్య ఉండే సీలు) పోయినట్టు భావించి బండి నడపడం మానేయాలి.

ముల్లు ఎంతసేపటికీ పైకి రాకపోతే

ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటర్‌లోకి పోనివ్వని వాల్వు థర్మోస్టాట్. వేసవిలో ఇంజిన్ చల్లగా ఉంటుందని దాన్ని పీకేసే అలవాటు ఇప్పటికీ ఉంది. థర్మోస్టాట్ లేని ఇంజిన్ సరైన వేడికి చేరక ఎక్కువ ఇంధనం తాగుతుంది, త్వరగా అరుగుతుంది. కంపెనీ ఇచ్చిన ఉష్ణోగ్రత రేటింగ్ ఉన్నదాన్నే తిరిగి బిగించమనండి.

తీసిన పాత కూలెంట్‌ను మోరీలో పారబోయవద్దు. తీపిగా ఉంటుంది కనుక కుక్కలు, పశువులు నాకుతాయి, కొద్ది మోతాదుకే మూత్రపిండాలు పాడై చనిపోతాయి. మూత గట్టిగా బిగించిన క్యాన్‌లో పోసి, పాత ఆయిల్ సేకరించే సర్వీస్ సెంటర్‌కు అప్పగించాలి.