సిపాయి నుంచి పోలీసు బాస్ దాకా: పాత స్కాట్లాండ్ కెరీర్‌ను తవ్వడం ఎలా

1800ల నాటి ఓ స్కాట్లాండ్ సైనికుడు తర్వాత పోలీసు బాస్ అయ్యాడు, అతని కథంతా బయటికి లాగాలి అనుకోండి. పుట్టుక దగ్గర మాత్రం మొదలుపెట్టకండి. స్కాట్లాండ్‌లో ప్రభుత్వ జనన నమోదు మొదలైందే 1855లో, అంతకుముందు దిక్కు చర్చి రిజిస్టర్లే, వాటిలో ఒకే పేరున్న జాన్‌లు, జేమ్స్‌లు బోలెడంత మంది తగులుతారు. చివరి ఉద్యోగం పట్టుకుని వెనక్కి నడవండి.

ఉదాహరణకి జాన్ మెక్‌లెరీ. 1856 నుంచి 1874లో చనిపోయేదాకా ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో పోలీసు ఇన్‌స్పెక్టర్ జనరల్, అంటే అక్కడి పోలీసు బాస్. ఆస్ట్రేలియా జాతీయ గ్రంథాలయం నడిపే ట్రోవ్ సైట్‌లో అప్పటి పేపర్లు ఉచితంగా చదవొచ్చు. ఒక్క చిక్కుంది, ఆనాటి పేపర్లు 'మెక్'ని ఎం పక్కన చిన్న గుర్తు పెట్టి అచ్చేసేవి, కాబట్టి మూడు నాలుగు స్పెల్లింగులతో వెతక్కపోతే సగం వార్తలు దొరకవు.

తర్వాత తేల్చుకోవాల్సింది, అసలు తలనొప్పి కూడా ఇదే: మనవాడు నేరుగా ఆఫీసరుగా చేరాడా, మామూలు సిపాయిగా చేరి పైకొచ్చాడా? 1871 దాకా చాలా ఆఫీసరు పదవులు డబ్బు పెట్టి కొనుక్కునేవే. బ్రిటన్ ప్రభుత్వ ప్రకటనల పత్రిక లండన్ గెజెట్‌లో ప్రమోషన్ పక్కన 'కొనుగోలు ద్వారా' అనో 'కొనుగోలు లేకుండా' అనో ఉంటుంది, ఆ రెండు ముక్కలే అతని జేబు గురించి చాలా చెప్పేస్తాయి. మెక్‌లెరీ స్కాట్స్ ఫ్యూజిలియర్ గార్డ్స్‌లో కింది నుంచి ఎదిగి 58వ రెజిమెంట్‌లో అడ్జుటెంట్ (రెజిమెంట్ పాలనా పనులు చూసే ఆఫీసరు) అయ్యాడు. డబ్బున్న ఇంటి నుంచి రానివాళ్లకి ఇలాంటి పోస్టులే మెట్లు.

ఆఫీసరైతే 1839 నుంచి వచ్చిన హార్ట్ ఆర్మీ లిస్టులు (ఆఫీసర్ల పేర్లు, పదవుల జాబితా పుస్తకాలు) చూడండి, పాత ఆర్మీ లిస్టుల్ని స్కాట్లాండ్ జాతీయ గ్రంథాలయం ఆన్‌లైన్‌లో పెట్టింది. సిపాయిగానే రిటైరైతే లండన్‌లో క్యూ అనే చోట ఉన్న బ్రిటన్ జాతీయ ఆర్కైవ్స్‌లో డబ్ల్యూఓ 97 (డబ్ల్యూఓ అంటే వార్ ఆఫీస్, అంటే యుద్ధ శాఖ; అంకె ఆ కాగితాల వరుస నంబరు) చూడాలి, కానీ 1883కి ముందు అందులో ఉండేది ప్రధానంగా పెన్షన్ వచ్చినవాళ్ల కాగితాలే. అక్కడ పేరు లేకపోతే కంగారుపడకండి, జీతాల మస్టర్ పుస్తకాలు, అంటే రెజిమెంట్ వారీ హాజరు, జీతం లెక్కలు, డబ్ల్యూఓ 12లో ఉంటాయి. రెజిమెంట్ పేరు తెలియకుండా వాటి జోలికి మాత్రం వెళ్లొద్దు, వారాలు గడిచిపోతాయి.

చనిపోయినప్పుడు పేపర్లు రాసిన వ్యాసాల్లో యుద్ధాల జాబితా ఉదారంగా ఉంటుంది, డబ్ల్యూఓ 100 పతకాల జాబితాలతో సరిచూడండి. అయితే 1845-47 న్యూజిలాండ్ యుద్ధాల పతకం ప్రకటించిందే 1869లో, అదీ అప్పటికి బతికున్నవాళ్లకే, కాబట్టి జాబితాలో పేరు లేనంత మాత్రాన యుద్ధానికి వెళ్లలేదని తేల్చేయకండి.