కృష్ణా కెనాల్‌లో రైలెక్కేవారికి ఒక చిట్కా

తాడేపల్లి, ఉండవల్లి వైపు ఉండి గుంటూరు వెళ్లడానికి బ్యారేజీ దాటి విజయవాడ స్టేషన్‌కు పోవడం, అక్కడ టికెట్ వరుసలో నిలబడటం ఎంత విసుగో నాకు తెలుసు. ఆ పని మానేశాను.

ఇప్పుడు నేరుగా కృష్ణా కెనాల్ జంక్షన్‌కే వెళ్తున్నాను. ఇంటి నుంచి బయలుదేరేముందు ఫోనులో ఆ రోజు ప్యాసింజర్ రైలు ఎక్కడుందో చూసుకుంటాను. రైల్వే యాప్ వాలెట్‌లో వంద రూపాయలు వేసి ఉంచుకుంటాను. స్టేషన్ ఆవరణలోకి అడుగుపెట్టకముందే, టీ కొట్టు దగ్గరే, కృష్ణా కెనాల్ నుంచి గుంటూరుకు సాధారణ టికెట్ తీసుకుంటాను. టీ చల్లారేలోపు పని అయిపోతుంది. తీసుకున్న 3 గంటల్లోగా ప్రయాణం మొదలుపెట్టాలి కనుక పొద్దున్నే తీసి పెట్టుకుంటే లాభం లేదు.

ప్లాట్‌ఫాం మీదికి వచ్చాక గుర్తొస్తే ఫోను టికెట్ ఇవ్వదు. అప్పుడు స్టేషన్‌లో అతికించిన క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేయాలి, లేదా కౌంటర్‌కు వెళ్లాలి. టికెట్‌ను స్క్రీన్‌షాట్ తీసి చూపిస్తే చెల్లదు, యాప్‌లోనే చూపించాలి. ఛార్జింగ్ చూసుకోండి.

ఇంకొకటి, ఇక్కడ దారి రెండుగా చీలుతుంది: ఒకటి మంగళగిరి మీదుగా గుంటూరుకు, మరొకటి దుగ్గిరాల మీదుగా తెనాలికి. బోర్డు చదవకుండా ఎక్కి నేనొకసారి దుగ్గిరాలలో దిగాను. ఎక్స్‌ప్రెస్‌లు చాలావరకు ఇక్కడ ఆగవు, వాటికైతే విజయవాడకే వెళ్లాలి.