డిక్రీ చేతికొచ్చాక – 3వ పాఠం: పన్నెండేళ్ల లెక్క

పోయిన పాఠంలో డిక్రీ, అంటే దావా తేల్చి కోర్టు ఇచ్చే ఉత్తర్వు, దాని కాపీ ఎలా చదవాలో చూశాం. ఈసారి ఆ కాపీని ముందు పెట్టుకుని, పైన పెన్సిల్‌తో ఒక తేదీ రాయండి. డిక్రీ తేదీకి పన్నెండేళ్లు కలిపితే వచ్చే తేదీ అది. ఆ రోజు దాటకుండా ఈపీ, అంటే అమలు పిటిషన్, కోర్టులో పడి తీరాలి. 1963 నాటి లిమిటేషన్ చట్టంలో 136వ ఆర్టికల్ చెప్పేది ఇదే.

లెక్కలో డిక్రీ వచ్చిన రోజును కలపకూడదు. 2022 జూన్ 18న డిక్రీ వచ్చిందనుకోండి. గడువు 2034 జూన్ 18తో తీరుతుంది. ఆ రోజు ఆదివారం, కోర్టు ఉండదు. కాబట్టి సోమవారం వేసినా చెల్లుతుంది. మంగళవారం వేస్తే చెల్లదు. దావా పోతే అప్పీలు ఆలస్యంగా వేసి, ఇదే చట్టంలోని 5వ సెక్షన్ కింద ఆలస్యం మన్నించమని అడుగుతాం కదా, ఈపీకి ఆ సెక్షన్ వర్తించదు. ఒంట్లో బాగాలేదన్నా, ప్లీడరుగారు చెప్పలేదన్నా లాభం లేదు. కాపీ ఆలస్యంగా చేతికొచ్చిందన్నా అంతే. డిక్రీ మీద ఉండేది తీర్పు చెప్పిన తేదీ, లెక్క అక్కడి నుంచే.

ఇప్పుడు అసలు విషయం. చాలామంది నష్టపోయేది ఇక్కడే, అందుకే కాస్త నిదానంగా చదవండి.

నేను ప్లీడరు గుమాస్తాగా ఉన్న రోజుల్లో ఒక పెద్దాయన గుడ్డసంచిలో కాగితాలు తెచ్చాడు. డిక్రీ కాపీ వెనక వరసగా మూడు చెల్లులు, అంటే కొంత డబ్బు ముట్టినట్టు రాతలు, ఉన్నాయి. అయిదు వేలు, మూడు వేలు, మళ్లీ మూడు వేలు. ప్రతిదాని కింద బాకీదారుడి సంతకం, తేదీ. "ఆఖరి చెల్లు పడి ఏడాదే అయింది బాబూ, ఇంకా రెండేళ్లు టైముంది" అన్నాడు ధీమాగా. కాపీ తిప్పి చూస్తే డిక్రీకి పదమూడేళ్లు దాటాయి. ఆయనకి ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఆయన అన్నది ప్రామిసరీ నోటు విషయంలో నిజమే. నోటు మీద దావాకి మూడేళ్లు గడువు. ఆ మూడేళ్లు తీరకముందే బాకీదారుడు కొంత కట్టి, తన చేత్తో చెల్లు రాసినా, సంతకం పెట్టినా, ఆ రోజు నుంచి కొత్తగా మూడేళ్లు వస్తాయి. ఇది లిమిటేషన్ చట్టంలో 19వ సెక్షన్. కానీ కోర్టు డిక్రీ కింద రావాల్సిన డబ్బు ఈ సెక్షన్ లెక్కలో అప్పు కాదని అందులోనే వివరణ ఉంది. అంటే డిక్రీ అయ్యాక ఎన్ని చెల్లులు రాయించుకున్నా పన్నెండేళ్లకి ఒక్క రోజు కూడా కలవదు.

బాకీదారులు కూడా ఒకటి గమనించాలి. కోర్టు బయట కట్టిన డబ్బు కోర్టులో నమోదు కావాలి. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఆర్డర్ 21, రూల్ 2 ప్రకారం డిక్రీదారుడు, అంటే డిక్రీ పొందినవాడు, ఆ సంగతి కోర్టుకు తెలపాలి. ఆయన తెలపకపోతే మీరే 30 రోజుల్లో పిటిషన్ వేసుకోండి. నమోదు కాని చెల్లును అమలు జరిపే కోర్టు లెక్కలోకి తీసుకోదు.

ఊళ్లలో "మూడేళ్లకోసారి ఈపీ వేస్తుండాలి" అనే మాట ఇంకా వినిపిస్తుంది. అది 1964కి ముందున్న చట్టం మాట. ఇప్పుడు అలా లేదు. అయితే రెండేళ్లు దాటాక మొదటి ఈపీ వేస్తే, అదే ఆర్డర్ 21లోని రూల్ 22 కింద అవతలివాళ్లకి ముందు నోటీసు వెళ్లాలి. ఆ నోటీసు అందేలోపు ఆస్తి చేతులు మారిపోతుందేమోనన్న టెన్షన్ మనది. అందుకే వీలైనంత త్వరగా వేయమంటాను.

అప్పీలు కోర్టు స్టే ఇస్తే, స్టే ఉన్నన్నాళ్లూ మినహాయింపు దొరుకుతుంది. అప్పీలులో విచారణ జరిగి కొత్త డిక్రీ వస్తే లెక్క దాని తేదీ నుంచి. స్టే లేకుండా ఉత్త అప్పీలు నడుస్తుంటే మాత్రం ఆగకండి, ఈపీ వేసేయండి.

గడువులో వేసిన ఈపీ పన్నెండేళ్లు దాటినా నడుస్తుంది. వాయిదాకి వెళ్లక అది డిస్మిస్ అయితే, రూల్ 106 కింద 30 రోజుల్లో తిరిగి తెరిపించుకోవాలి. ఆ 30 రోజులూ పోతే కొత్త ఈపీ ఒక్కటే దారి. దానికీ పన్నెండేళ్లలో ఇంకా రోజులు మిగిలి ఉండాలి. పదకొండో ఏట వేసినవాళ్లు ఒక్క వాయిదా కూడా తప్పకూడదు, బత్తా, అంటే నోటీసులు పంపే ఖర్చు, కట్టడం మరిచిపోకూడదు.

అభ్యాసం: 2023 ఫిబ్రవరి 10న డిక్రీ. అయిదు వాయిదాలు, ఒక్కోటి నలభై వేలు, 2023 నుంచి ఏటా మార్చి 31లోపు కట్టాలి. మొదటి రెండూ కట్టాడు, మూడోది ఎగ్గొట్టాడు. వాయిదాల డిక్రీలో గడువు కట్టకుండా తప్పిన తేదీ నుంచి మొదలవుతుంది. ఆ మూడో వాయిదాకి ఈపీ వేయడానికి ఆఖరి రోజు ఏది? కాగితం మీద లెక్క వేసి ఉంచండి. వచ్చే పాఠంలో జీతం అటాచ్‌మెంట్ (జప్తు) మొదలుపెట్టే ముందు సరిచూద్దాం.