తెర కింది కెమెరా, 4వ పాఠం: దీపాల చుట్టూ నల్ల గుంటలు, గుడ్డ తిప్పే కిటుకు

ఫోను తెర వెనక దాగిన కెమెరాకి తెర గళ్లే అడ్డం, వాటివల్ల ఫొటో చెదురుతుంది. దాన్ని లెక్కతో బాగుచేసే పోయిన పాఠం చేసి చూసినవాళ్లలో ఎక్కువమందికి ఒకటే జబ్బు. ట్యాంక్‌బండ్ దీపాల ఫొటోకి వియనర్ ఫిల్టర్ (చెదిరినదాన్ని లెక్కతో వెనక్కి తిప్పేది) వేస్తే దీపం పదునుగానే వచ్చింది గానీ, దాని నాలుగు వైపులా నల్ల గుంటలు పడ్డాయి. నాయిస్ ఉబ్బకుండా ఫిల్టర్‌ని ఆపే కే విలువను 0.001 నుంచి 0.1 దాకా మార్చి చూశారు, పోలేదు. పోవు కూడా. తప్పు కే లో లేదు, పీఎస్‌ఎఫ్ (ఒక్క వెలుగు చుక్క ఫొటోలో ఎలా చెదురుతుందో చూపే నమూనా) తీసిన ఫైలులో ఉంది. అది జేపెగ్. ఇవాళ ఫేజ్ మాస్కుల దగ్గరికి వెళ్లాల్సింది, ముందు ఈ లెక్క తేల్చుకుందాం.

జేపెగ్‌లో ఉండే అంకె వెలుగు కాదు. వెలుగును గామా వంపులో వంచి రాసిన అంకె. పూర్తి తెలుపులో సగం వెలుగు పడిన చోట 128 ఉంటుందనుకుంటాం, ఉండేది 188. 18 శాతం వెలుగుకి 118. 1 శాతం వెలుగుకి 25. ఈ చివరిదే మన కొంప ముంచేది. తెర గళ్ల వల్ల వివర్తనం చెంది పక్కకు పడిన చుక్కలో అసలు చుక్కతో పోలిస్తే 1 శాతం వెలుగే ఉందనుకోండి. జేపెగ్‌లో అది 255కి 25, అంటే సుమారు 10 శాతంగా కనబడుతుంది. ఫిల్టర్ పాపం మీరిచ్చిందే నమ్ముతుంది. పక్కన పదో వంతు వెలుగు ఒలికిందనుకుని అంతా తీసేస్తుంది. అక్కడున్నది నూరో వంతే. లేని వెలుగు తీసేస్తే మిగిలేది గుంటే.

దీనికి తోడు మధ్య చుక్క 255 దగ్గర ఆగిపోయి ఉంటే మధ్య తగ్గి, పక్కలు ఇంకా పెరిగినట్టు కనిపిస్తాయి. రెండు తప్పులూ ఒకే వైపు లాగుతాయి కాబట్టి ఒకదాన్నొకటి కొట్టేసుకోవు. జేపెగ్‌ని 2.2 ఘాతానికి ఎత్తితే సరిపోదా అంటారు. సరిపోదు. ఫోను గామా ఒక్కటే వేయదు. టోన్ మార్చుతుంది, నాయిస్ చెరుపుతుంది, తన సొంత షార్ప్‌నెస్ కూడా పూస్తుంది. ఇవేవీ వెనక్కి తిరిగి రావు. పీఎస్‌ఎఫ్ ఒక్కటే రా (సెన్సర్ అంకెల్ని మార్చకుండా దాచే ఫైలు) లో తీసి, బాగుచేయాల్సిన ఫొటో జేపెగ్‌లో పెట్టినా ఇదే గతి. రెండూ రా లోనే ఉండాలి.

సరైన పద్ధతి ఇది. ఓపెన్ కెమెరా యాప్‌లో కెమెరా2 ఏపీఐ ఎంచుకుని రా ఆన్ చేయండి. ఐఎస్‌ఓ 100, ఫోకస్ చేత్తో పెట్టి కదలకుండా ఉంచండి. ఆకుపచ్చ ఎల్‌ఈడీ ముందు 0.5 మిల్లీమీటర్ల రంధ్రం ఉన్న నల్ల అట్ట, కెమెరా 3 మీటర్ల దూరంలో. మధ్య పిక్సెల్ గరిష్ఠ విలువలో 70–80 శాతం మించకుండా ఒక ఫొటో, 1/800 అనుకుందాం. రెండోది దానికి 16 రెట్లు, అంటే 1/50. రెండింటిలోనూ బ్లాక్ లెవెల్ (వెలుగే లేనప్పుడూ సెన్సర్ చూపే అంకె) తీసేయండి. 10 బిట్ల సెన్సర్లలో చాలావాటికి అది 64, ఎంతో డీఎన్‌జీ (రా ఫైలు) లోపలే రాసి ఉంటుంది. రెండో దాన్ని 16తో భాగించి, అందులో నిండిపోయిన పిక్సెళ్లకు మాత్రం మొదటిదాన్నుంచి విలువలు పెట్టండి. మొత్తం కూడిక 1 అయ్యేలా భాగించండి. ఎరుపుకి, నీలానికి వేరే ఎల్‌ఈడీలతో వేరే పీఎస్‌ఎఫ్ తీయాలి. తెల్ల ఎల్‌ఈడీతో తీస్తే పక్క చుక్కలు ఇంద్రధనుస్సు గీతలుగా సాగిపోతాయి.

ఇక గుడ్డ, అంటే ఫోను తెరకు నకలుగా మన కెమెరా ముందు పెట్టేది. పాడైన ఓఎల్‌ఈడీ తెరలకోసం జగదీష్ మార్కెట్ చుట్టూ తిరగక్కర్లేదు. తీసిన తెర వెనక నల్ల పొర ఉంటుంది, అది ఒలవబోతే తెరే పోతుంది. ఛత్తాబజార్ పెళ్లి కార్డుల ప్రెస్సులవాళ్లు స్క్రీన్ ప్రింటింగ్‌కి వాడే మెష్ గుడ్డ చాలు. సెంటీమీటరుకి 120 దారాలది, దారం మందం 34 మైక్రాన్లది అడగండి. గడికి గడికి మధ్య 83.3 మైక్రాన్లు, కన్నం సుమారు 45. అంగుళానికి 400 పిక్సెళ్ల తెరలో ఈ దూరం 63.5 మైక్రాన్లు కాబట్టి గుడ్డ నకలుగా బాగానే పనికొస్తుంది. లెన్స్‌కి ఆనించి, ముడతల్లేకుండా బిగించండి.

సరిగ్గా కుదిరిందో లేదో చూడ్డానికి పిక్సెళ్లు లెక్కపెట్టడం కన్నా రంధ్రం పక్కన ఒక స్కేలు అంటించడం నాకిష్టం. తరంగదైర్ఘ్యాన్ని గడి దూరంతో భాగించి 3 మీటర్లతో గుణిస్తే, ఆకుపచ్చ 530 నానోమీటర్లకు పక్క చుక్క స్కేలు మీద 19 మిల్లీమీటర్ల దగ్గర పడాలి. ఎరుపు 630కి 22.7, నీలం 460కి 16.6. ఆకుపచ్చ 24 దగ్గర పడితే మీకిచ్చింది 120 గుడ్డ కాదు, 150 దరిదాపుల్లోది.

ఇప్పుడు ఆప్టిక్స్ చేసే మేలు. లెన్స్ ముందున్న కన్నాల ఆకారాన్ని దాని మీదే కొంచెం జరిపి పెట్టండి. కన్నం మీద కన్నం ఎంత పడిందో, ఆ జరుపుకి సరిపడే సన్న గీతల కాంట్రాస్ట్ అంతే మిగులుతుంది. సరిగ్గా సగం గడి జరిపినప్పుడు, కన్నం సగం గడి కన్నా చిన్నదైతే ఏమీ కలవదు. ఆ గీతలు సున్నా. సున్నా అయినదాన్ని ఏ సాఫ్ట్‌వేరూ కొలిచి తేలేదు, ఊహించి గీయాల్సిందే. మన గుడ్డలో కన్నం సగానికి కాస్త ఎక్కువ కాబట్టి 15 శాతం బతుకుతుంది. కానీ అడ్డం, నిలువు రెండూ సగం జరిగే ఏటవాలు గీతలకు 15 శాతంలో 15 శాతం, అంటే 2 శాతమే.

గుడ్డను 45 డిగ్రీలు తిప్పండి. అవే గీతలకు ఇప్పుడు 46 శాతం దక్కుతుంది, లెన్స్ సొంత తరుగుదల పక్కనపెడితే. అడ్డం గీతల 15 శాతానికి మాత్రం పెద్దగా లాభం లేదు, అది 12 అవుతుంది. అందుకే ఒక్క కోణంతో తృప్తిపడకుండా రెండు కోణాల్లో తీసి కలుపుతాం. ఒకదానిలో చచ్చింది రెండోదానిలో బతికుంటుంది. ఇవి లెక్కలో వచ్చే అంకెలు. దారం పూర్తి నలుపు కాదు, కొంత వెలుగు దానిగుండా కూడా పోతుంది. అందుకే పీఎస్‌ఎఫ్ కొలవమనేది.

ఫోన్లలో గుడ్డ తిప్పినట్టు తెర తిప్పలేరు కాబట్టి కన్నాల వరసనే చెదరగొట్టడం ఒక దారి. చుక్కలు పలచబడి సన్నటి మసకగా పరుచుకుంటాయి, సున్నాలు పూడతాయి. ఫేజ్ మాస్కు ఇంకో దారి, వెలుగును తీగల మీద పడకుండా కన్నాల్లోకి వంచుతుంది. అది వచ్చే పాఠం.

అభ్యాసం. దుర్గంచెరువు తీగల వంతెనను రాత్రిపూట, ట్రైపాడ్ కదలకుండా, గుడ్డ 0 డిగ్రీల్లో ఒకటి, 45లో ఒకటి రా లో తీయండి. రెండు కోణాలకీ, మూడు రంగులకీ పీఎస్‌ఎఫ్‌లు, మొత్తం ఆరు. బేయర్ రంగుల్ని (సెన్సర్ మీద పిక్సెల్‌కొకటిగా ఉండే ఎరుపు, ఆకుపచ్చ, నీలం) కలపకముందే విడదీసి, ఒక్కో రంగుకి ఫూరియే (ఫొటోను సన్న, లావు గీతలుగా విడదీసే లెక్క) తీయండి. ప్రతి కోణానికీ పీఎస్‌ఎఫ్ ఫూరియే సంయుగ్మాన్ని ఫొటో ఫూరియేతో గుణించి, రెండూ కూడి, రెండు పీఎస్‌ఎఫ్‌ల పరిమాణ వర్గాల మొత్తానికి కే కలిపి దానితో భాగించండి. కే 0.005 దగ్గర మొదలుపెట్టండి. ఆక్టేవ్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో పది పన్నెండు వరసలకు మించదు. ఫొటో అంచుల్ని మెల్లగా మసకబార్చడం మరిస్తే నాలుగు అంచుల నుంచీ చారలు లోపలికి పాకుతాయి, వాటిని గుడ్డ మీదికి తోయకండి. దీపాల చుట్టూ ఇంకా గుంటలుంటే ఆ దీపాలు ఫొటోలోనే నిండిపోయాయన్నమాట. ఎక్స్‌పోజర్ నాలుగో వంతుకి తగ్గించి మళ్లీ తీయండి.