థర్మోమీటరు మునిగింది వ్యవస్థలోనా, పరిసరాల్లోనా?

ఉష్ణరసాయన లెక్కల్లో ప్లస్, మైనస్ గుర్తు తప్పడానికి ముఖ్య కారణం వ్యవస్థకు (మనం లెక్కకు తీసుకునే భాగం), పరిసరాలకు (దాని చుట్టూ ఉన్న మిగతాదంతా) మధ్య హద్దు గీసుకోకుండా లెక్క మొదలుపెట్టడం. ఆమ్లాన్ని, క్షారాన్ని కలిపే తటస్థీకరణ ప్రయోగం చేస్తే ఆ హద్దు ఎక్కడుందో తెలిసిపోతుంది.

థర్మోకోల్ కప్పులు రెండు తీసుకుని ఒకదానిలో ఒకటి పెట్టండి. మూత, 0.1 డిగ్రీ తేడా తెలిసే థర్మోమీటరు, కళ్లద్దాలు కావాలి (సోడియం హైడ్రాక్సైడ్ చుక్క కంట్లో పడితే చాలా ప్రమాదం). 1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం 50 మి.లీ. కప్పులో పోయండి. 1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణం 50 మి.లీ. పక్కన ఉంచి, రెండూ ఒకే ఉష్ణోగ్రతకు వచ్చాక ఒక్కసారిగా కలిపేయండి. మూత పెట్టి కలియబెడుతూ 30 సెకన్లకోసారి రీడింగు రాయండి.

28.0 నుంచి 34.5 డిగ్రీలకు పెరిగిందనుకుందాం. "వేడెక్కింది కదా, వ్యవస్థకు వేడి అందింది, ప్లస్" అని రాస్తే అక్కడే తప్పు. ఇక్కడ వ్యవస్థ అంటే హైడ్రోజన్, హైడ్రాక్సైడ్ అయాన్లు కలిసి నీరయ్యే చర్య. చుట్టూ ఉన్న ద్రావణం, కప్పు, చివరికి థర్మోమీటరు కూడా పరిసరాలే! పరిసరాలు పొందిన వేడి (ద్రావణం గ్రాములు × ఒక గ్రాము ఒక డిగ్రీ పెరగడానికి కావలసిన జౌళ్లు × పెరిగిన డిగ్రీలు) 100 × 4.18 × 6.5 = 2,717 జౌళ్లు. చర్య పోగొట్టుకున్నదీ అంతే, కాబట్టి మైనస్. ఏర్పడిన నీరు 0.05 మోల్, భాగిస్తే మోల్‌కు −54.3 కిలోజౌళ్లు.

అసలు విలువ −57 దగ్గర ఉండాలి. మిగతా వేడి కప్పుకి, థర్మోమీటరుకి, మూత సందుల్లోంచి గాలికి పోయింది. అవీ పరిసరాలే, మనం లెక్కలో వదిలేశాం. గ్రాఫు గీసి, చల్లబడే గీతను కలిపిన క్షణం దాకా వెనక్కి పొడిగిస్తే గాలికి పోయిన నష్టం చాలావరకు సరిపడుతుంది.

హద్దును కప్పు బయటికి జరిపితే? కప్పు వేడిని బొత్తిగా బయటికి పోనివ్వదనుకుంటే వ్యవస్థ కోల్పోయిన వేడి సున్నా, ఉష్ణోగ్రత మాత్రం పెరిగే ఉంటుంది. రెండు లెక్కలూ సరైనవే. ఒకే లెక్కలో రెండు హద్దులు కలపకూడదు, అంతే.

ద్రావణానికి బదులు 2 గ్రాముల సోడియం హైడ్రాక్సైడ్ గుళికలను 0.5 మోలార్ ఆమ్లం 100 మి.లీ.లో వేస్తే ఉష్ణోగ్రత సుమారు 12 డిగ్రీలు పెరుగుతుంది. గుళికలు కరగడం కూడా ఇప్పుడు వ్యవస్థలో భాగమే. దానికి మోల్‌కు దాదాపు −44 కిలోజౌళ్లు. అందుకే ఈ 12 డిగ్రీల నుంచి లెక్కగట్టిన మొత్తం అంకెను తటస్థీకరణ ఎంథాల్పీ (తటస్థీకరణలో మోల్ నీటికి వేడి మార్పు) అని రాయకండి. గుళికలు గాలిలో తేమ పీల్చుకుంటాయి, తూకం చకచకా వేయాలి.