జైల్లో ఉన్నవాళ్లకు ఉత్తరం, పుస్తకం చేరాలంటే

మా తమ్ముడు 14 నెలలు విచారణ ఖైదీగా ఉన్నాడు. నేను రాసిన మొదటి నాలుగు ఉత్తరాలూ వాడికి అందలేదు. నాలుగోది తిరిగొచ్చింది. కవరు పక్కన కోసి మళ్లీ పిన్ను కొట్టారు, లోపల ఒక చీటీ, దాని మీద ఒక్క టిక్కు: అనుమతి లేని వస్తువు. ఆ వస్తువు ఏమిటంటే ఆరేళ్ల మా పాప బొమ్మ గీసి దానిమీద అంటించిన మెరుపుల నక్షత్రం. "మామయ్యకి నచ్చలేదా అమ్మా?" అంది. ఏం చెప్పాలో తోచలేదు. ఇంకెవరికీ ఆ పరిస్థితి రాకూడదని ఇది రాస్తున్నాను.

ముందు అక్కడి రూల్స్ కాగితం మీద అడిగి తీసుకోండి. ఒక జైలు రూలు ఇంకో జైల్లో ఉండదు. విచారణలో ఉన్నవాళ్లకు ఒకటి, శిక్ష పడ్డవాళ్లకు ఇంకొకటి ఉంటుంది. నెలకు ఎన్ని ఉత్తరాలు, ఎన్ని పేజీలు, పుస్తకాలు ఎవరు పంపాలి, ఒకసారికి ఎన్ని దగ్గర పెట్టుకోవచ్చు, ఇవన్నీ అడగండి. కవరు మీద పేరు రికార్డులో ఎలా ఉందో అలాగే రాయాలి, పక్కన ఖైదీ నంబరు ఉండాలి. మేం వాడిని ఇంట్లో పిలిచే పేరు రాశాం. మొదటి మూడు ఉత్తరాలు ఎటు పోయాయో ఇప్పటికీ తెలియదు.

కాగితం మామూలుది, ఇంకు నీలం లేదా నలుపు. స్టిక్కర్లు, జిగురు, పిన్నులు, సెంటు వద్దు. పైన తేదీతో పాటు ఉత్తరం నంబరు వేయండి. "ఇది 9వ ఉత్తరం, నీ 6వది అందింది" అని మొదటి వాక్యంలోనే రాయండి. నేను చెప్పేవాటిలో ఇది ఒక్కటే గుర్తుపెట్టుకున్నా చాలు. నా 11వ ఉత్తరం అందలేదని వాడు రాయగానే పోస్టు రసీదు పట్టుకుని వెళ్లి అడిగాను. పది రోజుల్లో అది వాడి చేతికి వెళ్లింది. నంబరు లేకపోతే పోయిందన్న సంగతే మాకు తెలిసేది కాదు.

ప్రతి ఉత్తరం ఎవరో ఒకరు చదువుతారనుకునే రాయండి. కేసు గురించి ఒక్క ముక్క కూడా వద్దు, అది కోర్టు దాకా వెళ్లొచ్చు. కేసు మాటలు లాయరుతోనే. ఖైదీలను ఎలా చూడాలో చెబుతూ ఐక్యరాజ్యసమితి 2015లో ఆమోదించిన నెల్సన్ మండేలా నియమాల్లో 61వది లాయరుతో సంప్రదింపులకు సెన్సార్ ఉండకూడదంటుంది. అలాగని ఇంటి ఉత్తరాన్ని లాయరు కవరులో దూర్చకండి. దొరికితే ఆ తర్వాత లాయరు కాగితాలను కూడా అనుమానంగా చూస్తారు.

పుస్తకం కొనేముందే అడగండి. అట్ట గట్టిగా ఉన్నవి, స్పైరల్ బైండింగ్ ఉన్నవి చాలాచోట్ల ఆపేస్తారు. పాత పుస్తకంలో గీతలు, అంచుల్లో రాతలు ఉంటే సంకేతాలేమోనని అనుమానిస్తారు. కొన్నిచోట్ల షాపు నుంచో ప్రచురణకర్త నుంచో నేరుగా వస్తేనే తీసుకుంటారు. "లావు పుస్తకం పంపక్కా, తొందరగా అయిపోకూడదు" అని మా వాడు రాశాడు. అప్పటిదాకా నేను పల్చటి పుస్తకాలు ఏరి పంపుతున్నాను, తేలిగ్గా లోపలికి వెళ్తాయని. వాడికి రోజు గడవడమే కష్టంగా ఉందని నాకు తట్టనే లేదు.

కాదన్నప్పుడు గొడవ పడకండి. ఏ రూలు ప్రకారం కాదన్నారో రాసివ్వమని అడగండి. ఆ మండేలా నియమాలు నేరుగా చట్టం కావు గానీ, అర్జీలో చూపించడానికి పనికొస్తాయి. ఇంటివాళ్లతో, స్నేహితులతో ఉత్తరాలు 58లో, పత్రికలు 63లో, లైబ్రరీ 64లో ఉన్నాయి. విచారణ ఖైదీ తన ఖర్చుతో గానీ మన ఖర్చుతో గానీ పుస్తకాలు, రాసుకునే సామాను తెప్పించుకోవచ్చని 117 చెబుతుంది. శిక్ష పేరుతో ఇంటివాళ్లతో సంబంధం పూర్తిగా తెంచకూడదని 43లో ఉంది. భద్రత కోసం తప్పనిసరైతే కొంతకాలం తగ్గించవచ్చు, అంతే. దక్షిణాఫ్రికా నాయకుడు మండేలా 27 ఏళ్లు లోపల ఉన్నారు, మొదట్లో ఆయనకు ఆరు నెలలకు ఒక్క ఉత్తరమే. ఆయన పేరు ఎందుకు పెట్టారో అది చదివాకే నాకు అర్థమైంది.

యుద్ధ ఖైదీలకు లెక్క వేరు. 1949 జెనీవా ఒప్పందం ప్రకారం ఉత్తరాల సంఖ్య పరిమితం చేసినా నెలకు రెండు ఉత్తరాలు, నాలుగు కార్డులకు తగ్గకూడదు. రెడ్ క్రాస్ ద్వారా పంపే సందేశంలో అయితే ఇంటి కబుర్లు తప్ప ఇంకేం రాయకూడదు.

మీరు రాసిన ప్రతిదానికీ ఫోన్లో ఫొటో తీసి ఉంచుకోండి. జవాబు రాయడానికి కాగితాలు, స్టాంపులు పంపనిస్తారేమో కూడా కనుక్కోండి.

అయిదో ఉత్తరంలో పాప నక్షత్రాన్ని పెన్సిల్‌తో గీసింది. జవాబులో పాపకని వేరే కాగితం వచ్చింది: "నక్షత్రానికి అయిదు మూలలు సరిగ్గా వచ్చాయి. ఈసారి చందమామ గీసి పంపు."